సరోజినీ నాయుడు – బాల్యస్వభావము

మన కవాడిగూడకు అనతిదూరమున, నాంపల్లిలో, గోల్డెన్ త్రెషోల్డ్ అను పాత భవనమొకటి కలదు. అది సరోజినీదేవి కుటుంబము నివసించిన గృహము. ఆమె కీర్తి నెరుగనివారు లేరు. బాల్యమున ఆమె పడిన శ్రమ నెరిగినవారు కొందరే. దానినే మేమిచ్చట తెల్పదలచితిమి.

ఆమె 1879 ఫిబ్రవరి 13వ తేదీన హైదరాబాదునందు జన్మించెను. తండ్రి అఘోరనాథ ఛటోపాధ్యాయులవారు గొప్ప శాస్త్రజ్ఞులు. కుమార్తె గణితమందో శాస్త్రమందో ప్రవీణురాలు కావలెనని వారి కోరిక. బాలికయో ఊహలలో విహరించునది, పట్టుదల కలది. ఇంగ్లీషు మాట్లాడనని ఆమె మొండికెత్తగా, తొమ్మిదవయేట తండ్రి ఆమెను దినమెల్ల గదిలో ఒంటరిగా ఉంచెను. పిమ్మట ఆమె ఆ భాషనే వశపరచుకొనెను. పదునొకండవయేట బీజగణితపు లెక్క తేలక నిట్టూర్చుచుండగా, లెక్కకు మారుగా పద్యము స్ఫురించెను.

పండ్రెండేండ్లకే మదరాసు మెట్రిక్యులేషను పరీక్షలో కృతార్థురాలై పేరుపొందెను. అనతికాలముననే ఆరోగ్యము చెడెను. క్రమమైన చదువు నిలిచెను. పుస్తకము ముట్టరాదని వైద్యుడు శాసించెను. అతనిపై అలుకతో ఆమె 2000 పంక్తుల నాటకమునే వ్రాసెను! వైద్యుని ధిక్కరించుటను మేము మెచ్చము, విద్యార్థులు అనుకరింపరాదు. కాని గదిలో చూపిన మొండితనమే రోగకాలమున ఆమెను క్రుంగనీయలేదని గమనింపుడు. స్వభావము మారలేదు, దానికి రచన యను దారి దొరికెను. ఆ స్వభావమే ఆమెకు విశ్రాంతి లేకుండ చేసిన మాటయు నిజమే.

1895లో నిజాము విద్యార్థివేతనముతో ఆమె ఇంగ్లాండునకు వెళ్లెను. 1898లో మరలివచ్చి, డాక్టరు గోవిందరాజులు నాయుడుగారిని పెండ్లాడి తెలుగింటి కోడలయ్యెను. అనారోగ్యము పలుమారులు బాధించినను, 1925లో కాంగ్రెసు అధ్యక్షురాలయ్యెను. 1930లో ఉప్పు సత్యాగ్రహమున చెరసాలకేగెను. 1949 మార్చి 2వ తేదీన, సంయుక్త రాష్ట్రముల గవర్నరుగా నుండగానే, పరమపదించెను.

పుట్టుకతో వచ్చు స్వభావము తనంతట మంచిదియు కాదు, చెడ్డదియు కాదు. పెద్దలు దానినెరిగి మెలగుటపై చాలవరకు ఫలితము ఆధారపడునని మనశ్శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. పరీక్షల దినములలో ఒక బిడ్డ మూగవోవును, ఒకడు కసరుకొనును, ఒకడు నవ్వుచు తిరుగును. మొండివారిని గద్దించి, మౌనముగా నుండువారిని మంచివారని తలచి విడిచిన ఉపాధ్యాయులలో మేమును ఉన్నాము. అది పొరపాటని ఇప్పుడు తెలిసికొంటిమి.

తలిదండ్రులారా! బిడ్డకు నిద్రాహారములు తప్పినచో, పుస్తకము చూడగనే కన్నీరు వచ్చినచో, శిక్షింపక అడుగుడు, వైద్యునికి చూపుడు. విద్యార్థులారా! మనస్సు బరువెక్కినపుడు దాచుకొనకుడు. మా తలుపు తట్టుడు, మేము వినెదము.