తండ్రీకొడుకుల లెక్క

ఉద్యోగ విరమణ చేశాక మనకింక పనేముందని మన సమావేశాల్లో తరచు వింటుంటాను. అందుకే ఈ ప్రత్యేక సంచికకు డగ్లస్ హార్ట్రీ జీవితాన్ని ఎంచుకున్నాను. అందులో ఆయన తండ్రిగారి పాత్ర మనవంటి వాళ్ళం తెలుసుకోదగినది.

హార్ట్రీ 1897లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో పుట్టారు. తండ్రి విలియం అక్కడి విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగు బోధించేవారు. యాభై నిండకముందే ఆ పని మానుకున్నారు. మొదటి ప్రపంచ యుద్ధంలో తండ్రీకొడుకులిద్దరూ విమానాలను కూల్చే ఫిరంగుల గుండ్లు పోయే దారిని లెక్కకట్టే బృందంలో పనిచేశారు.

1926లో ష్రోడింగర్ సమీకరణం వచ్చింది. ఒక్క ఎలక్ట్రాను ఉన్న హైడ్రోజనుకు అది చక్కగా తేలుతుంది. ఎలక్ట్రాన్లు ఎక్కువైతే ఒకదాన్నొకటి నెట్టుకోవడంతో చిక్కుపడుతుంది. హార్ట్రీ దీనికి 1927లో ఉపాయం కనిపెట్టారు. ప్రతి ఎలక్ట్రాను మిగతావాటి సగటు క్షేత్రంలో తిరుగుతుందనుకోవాలి. ఆ క్షేత్రాన్ని ముందు ఊహించి లెక్కచేయాలి. వచ్చిన ఫలితంతో క్షేత్రాన్ని మళ్ళీ కట్టాలి. రెండూ సరిపోయేదాకా అదే పని. క్యాష్‌బుక్కు టాలీ అయ్యేదాకా సీటు కదలని మనకిది కొత్త కాదు.

1930లో ఫాక్, స్లేటర్ ఇందులో లోపం చూపారు. ఎలక్ట్రాన్లన్నీ ఒక్కలాంటివే, ఏది ఏదో గుర్తుపట్టలేమన్న నియమానికి ఆ లెక్కలో పూర్తి చోటు లేదు. హార్ట్రీ తన పద్ధతినే పట్టుకు వేలాడలేదు. సవరించిన సమీకరణాలతో, 1935 నుంచి తండ్రితో కలిసి బెరీలియం వంటి పరమాణువులను మళ్ళీ లెక్కించారు. చేతి యంత్రం మీద అంకెల చాకిరీలో పెద్దాయన పాలు ఎక్కువ. ఆ పత్రాల మీద ఇద్దరి పేర్లూ ఉన్నాయి. విలియం 1943లో కన్నుమూశారు.

ఈలోగా 1934లో హార్ట్రీ, పిల్లల మెకానో బొమ్మ ముక్కలతో సుమారు ఇరవై పౌండ్ల ఖర్చులో గణన యంత్రం కట్టించారు. 1958లో మరణించారు.

సవరించిన ఆ పద్ధతి పరమాణువు మొత్తం శక్తిలో దాదాపు 99 శాతం పట్టిస్తుంది. చాలదా అనిపిస్తుంది. కాని రసాయన బంధాల బలాబలాలు తేలేది ఆ మిగిలిన ఒక శాతం స్థాయిలోనే. కోటి రూపాయల పద్దులో లక్ష తేడా వస్తే ఏ ఆడిటరు ఒప్పుకుంటాడు? ఇప్పుడు బంగారం వంటి బరువు పరమాణువుకు 79 ఎలక్ట్రాన్లలో లోపలి 60టి బదులు ఒక క్షేత్రాన్ని పెట్టి లెక్కిస్తారు. అదీ పూర్తి లెక్కతో సరిచూశాకే నమ్ముతారు.

పేరు కొడుకుది. అందులో తండ్రి విశ్రాంత జీవితం కూడా ఉంది.