చిల్లుల కార్డుతో కోట్ల మంది లెక్క తేల్చాడు

ఇంటికి డబ్బు పంపడానికి ఎక్స్ఛేంజ్‌కి వెళ్తాం. కౌంటర్‌లో కూర్చున్నాయన అకామా నంబరు కొడతాడు. కళ్లు మూసి తెరిచేలోగా మన పేరు, ఇదివరకు పంపిన మొత్తాలు తేదీల వరసలో తెర మీదకొచ్చేస్తాయి. లక్షల మందిలో మనల్ని అంత తొందరగా ఎలా పట్టుకుంది? కంప్యూటర్ కదా అంటాం. నిజానికి కంప్యూటర్ పుట్టకముందే యంత్రానికి ఈ కిటుకు నేర్పినవాడు ఒకడున్నాడు. ఆయనే హెర్మన్ హోలరిత్.

వలస ఇంటి బిడ్డ

1860 ఫిబ్రవరి 29న అమెరికాలోని బఫెలోలో పుట్టాడు. అమ్మానాన్నలు జర్మనీ నుంచి వలస వచ్చినవాళ్లు. చిన్నప్పుడు స్పెల్లింగ్ అంటే హడలు. బడి మానిపించి విడిగా చదువు చెప్పించాల్సి వచ్చింది. అలాంటి కుర్రాడే 19 ఏళ్లకు కొలంబియాలో ఇంజినీరింగ్ పూర్తిచేశాడు. వెంటనే 1880 జనాభా లెక్కల్లో కొలువు.

అక్కడ చూసింది వేరే లోకం. ఐదు కోట్ల మంది వివరాలు. గుమాస్తాలు కాగితాలు తిరగేస్తూ గీతలు గీస్తూ లెక్కపెట్టేవాళ్లు. ఆ పని ఏళ్ల తరబడి సాగింది. ఇలాగైతే ఒక లెక్క తేలేలోగా మరో పదేళ్ల లెక్క వచ్చి పడుతుంది.

చుట్ట వద్దు, ముక్క ముద్దు

రైల్లో టికెట్ కలెక్టర్ ప్రయాణికుడి జుట్టు రంగు, కళ్ల రంగు గుర్తుగా టికెట్‌కి చిల్లులు కొట్టడం హోలరిత్ చూశాడు. మనిషి వివరాలను చిల్లులుగా మార్చొచ్చన్న ఊహ అలా బలపడింది. మొదట చాంతాడంత కాగితం చుట్ట మీద చిల్లులు పెట్టాడు. కుదరలేదు. ఒక్క మనిషి వివరం కావాలన్నా చుట్టంతా విప్పాలి. వరస మార్చే వీలే లేదు. అప్పుడు మనిషికో కార్డు చేశాడు. కార్డులైతే పేకముక్కల్లా ఎలా కావాలంటే అలా పేర్చుకోవచ్చు. అసలు మలుపు అదే.

కార్డులో ఏ వివరం ఎక్కడుండాలో ముందే ఖాయం. వయసుకో చోటు, వృత్తికో చోటు, పుట్టిన దేశానికో చోటు. కార్డు పెట్టి మీట నొక్కితే చిల్లు ఉన్నచోట సూది దిగి కరెంటు పారుతుంది. గడియారంలాంటి ముల్లు ఒక అంకె జరుగుతుంది. పక్కనున్న పెట్టెలో ఒక అర మూత తెరుచుకుంటుంది. కార్డు అందులో వేయడమే.

1889లో పోటీ పెట్టారు. 10,491 మంది వివరాలు లెక్కించడానికి మిగతా ఇద్దరికీ 44 గంటల 30 నిమిషాలు, 55 గంటల 30 నిమిషాలు పట్టాయి. హోలరిత్ ఐదున్నర గంటల్లో ముగించాడు. 1890 లెక్కలు ఆయనకే దక్కాయి. 6 కోట్ల 26 లక్షల జనాభా అని ఆ ఏడాది ముగియకముందే తేలిపోయింది.

తర్వాత తనంతట తానే వేరుచేసే యంత్రాలొచ్చాయి. మూడంకెల నంబరుందనుకోండి. ముందు చివరి అంకెను బట్టి పది కుప్పలు. వాటిని వరసగా కలిపి మధ్య అంకెను బట్టి మళ్లీ పది. ఆఖర్న మొదటి అంకె. మూడు విడతల్లో కట్టంతా వరసలో పడుతుంది.

ఇప్పటి డేటాబేస్‌లో ఆ కార్డే ఒక అడ్డ వరస. కానీ అసలు పట్టికను కదపరు. నంబరు, తేదీల వరసలో చిన్న సూచిక విడిగా ఉంచుతారు. దాన్నే ఇండెక్స్ అంటారు. పుస్తకం చివరి విషయసూచికలాగా అది నేరుగా చోటు చూపిస్తుంది. అడిగిన ప్రతిసారీ మొత్తం వెతికి పేర్చే పని తప్పుతుంది. అలాగని అన్నిటికీ ఇండెక్స్ పెట్టేయరు. కొత్త వివరం చేరిన ప్రతిసారీ అన్నీ సరిచేయాలి మరి.

చివరి రోజులు

1896లో సొంత కంపెనీ పెట్టాడు. మనిషి మొండి. అద్దె దగ్గర సెన్సస్ బ్యూరోతో చెడింది. 1905లో తెగతెంపులు. బ్యూరో తన యంత్రాలు తానే చేయించుకుంది. 1911లో ఆయన కంపెనీని అమ్మేశాడు. మరికొన్నిటితో కలిసిన ఆ సంస్థే 1924లో ఐబీఎంగా పేరు మార్చుకుంది. 1929 నవంబరు 17న వాషింగ్టన్‌లో కన్నుమూశాడు.

ఒక్క మాట. చిల్లు తప్పుగా పడితే హోలరిత్ యంత్రం కూడా కార్డును తప్పు అరలోకే పంపేది. ఇప్పుడూ అంతే. నంబరులో ఒక్క అంకె తేడా పడితే మన వివరం దొరకదు, లేదా ఇంకొకరిది వస్తుంది. రసీదు జేబులో పెట్టుకునే ముందు పేరు, నంబరు ఒకసారి చూసుకోండి.