సవర కొండలలో గిడుగు

తెలుగువారు గిడుగు వేంకట రామమూర్తిని వ్యావహారిక భాషోద్యమ పితామహుడిగానే ఎక్కువగా స్మరిస్తారు. ఆయన పుట్టినరోజైన ఆగస్టు 29ని తెలుగు భాషాదినోత్సవంగా జరుపుకోవడానికి కారణం కూడా అదే. అయితే ఆ ఉద్యమానికి చాలా ముందే తూర్పు కనుమలలోని సవర గూడేలలో ఆయన చేసిన కృషి ఒకటి ఉంది. దానిని తెలుసుకోకపోతే తక్కిన జీవితం సగమే అర్థమవుతుంది.

రామమూర్తి 1863లో వంశధార తీరాన, శ్రీముఖలింగ క్షేత్రానికి సమీపంలోని పర్వతాలపేటలో జన్మించాడు. తల్లి వెంకమ్మ, తండ్రి వీర్రాజు. బాల్యంలోనే తండ్రి గతించగా విజయనగరంలో ఉండి చదువుకున్నాడు. అక్కడ గురజాడ అప్పారావు ఆయనకు సహాధ్యాయి. 1879లో మెట్రిక్యులేషన్ పూర్తిచేసి, మరుసటి యేడు పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయుడుగా చేరాడు. ఉద్యోగం చేస్తూనే ప్రైవేటుగా చదివి పట్టభద్రుడైనాడు. ముఖలింగ దేవాలయ శాసనాలను పరిశోధించి చరిత్రకారుల మన్ననలు పొందాడు.

పర్లాకిమిడి చుట్టూ ఉన్న కొండలు సవరల నివాసం. సంతలకు దిగివచ్చే ఆ జనం మాట్లాడేది తెలుగుతో గాని, ఒడియాతో గాని ఏ చుట్టరికమూ లేని ముండా కుటుంబపు భాష. దానికి లిపి లేదు, పుస్తకం లేదు. భాష తెలియని అమాయకులను మోసగించడం పల్లపు వర్తకులకు సులభమైంది. వారికి చదువు చెప్పాలంటే ముందు వారి భాష తనకు రావాలని రామమూర్తి గ్రహించాడు. తెలుగు తెలిసిన ఒక సవరను ఇంటికి పిలిపించుకొని, అతని నోట పలికే ప్రతి మాటనూ వ్రాసుకొంటూ ఆ భాష నేర్చుకున్నాడు. గూడేలకు వెళ్లి వారి పాటలు, కథలు సేకరించాడు. ఈ తిరుగుడులో మన్యపు జ్వరం పట్టుకొంది. దానికి వాడిన క్వినైను మందు వల్ల వినికిడి దెబ్బతిన్నది. చెవితో విని భాషను పట్టుకొనే పరిశోధకునికి ఇంతకంటె పెద్ద నష్టం ఏముంటుంది? అయినా పని ఆగలేదు.

సొంత ఖర్చుతో సవర పిల్లలకు బడులు పెట్టి, వారి భాషలోనే వాచకాలు వ్రాశాడు. మద్రాసు ప్రభుత్వం ఈ కృషిని గుర్తించి పారితోషికం ఇవ్వబోగా, ఆ సొమ్మును సవరల బడికే వినియోగించమని కోరాడు. 1913లో రావుబహద్దూర్ బిరుదు లభించింది. సవర వ్యాకరణం 1931లో వెలువడింది. నిఘంటువులు తరువాత వచ్చాయి.

సవర బిడ్డకు సొంత మాటలో బోధిస్తే చదువు వంటబట్టింది. మరి తెలుగు బిడ్డ తెలుగు చదవడానికి ఎందుకు అవస్థ పడుతున్నాడు? 1907 ప్రాంతంలో పాఠశాలల పర్యవేక్షణాధికారి యేట్స్ దొరకు ఈ సందేహమే కలిగింది. వాచకాలలోని గ్రాంథికం పిల్లలు ఎన్నడూ వినని భాష కావడమే కారణమని రామమూర్తి వివరించాడు. విశాఖపట్నం కళాశాల అధ్యక్షుడు పి.టి. శ్రీనివాస అయ్యంగారు, గురజాడ ఆయనకు తోడైనారు. స్కూలు ఫైనలు పరీక్షలో వ్యాసాన్ని వాడుక భాషలో వ్రాయడానికి ప్రభుత్వం మొదట అనుమతించింది. కాని పండితుల ఒత్తిడికి తలవంచి, కొద్ది సంవత్సరాలకే ఆ అనుమతిని ఉపసంహరించుకొంది. పరిశోధన తేల్చినదానిని విధానంగా నిలపడానికి ఆధారాలు ఒక్కటే చాలవని ఈ ఓటమితో రుజువైంది. అందుకే రామమూర్తి 1919లో 'తెలుగు' అనే మాసపత్రికను స్థాపించాడు. ప్రాచీన కావ్యాలలోని, శాసనాలలోని ప్రయోగాలు చూపుతూ ఊరూరా వాదించాడు. పండితులను పండితుల గ్రంథాలతోనే ఎదుర్కోవడం ఆయన పద్ధతి.

1936లో పర్లాకిమిడిని ఒరిస్సాలో చేర్చగా, నిరసనగా ఆ ఊరు విడిచి రాజమహేంద్రవరం చేరాడు. 1940 జనవరి 22న కన్నుమూశాడు.

1956లో రాజ్యాంగానికి 350ఎ అధికరణం చేరింది. భాషాపరంగా అల్పసంఖ్యాకులైన వారి పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు వసతులు కల్పించాలని అది రాష్ట్రాలను ఆదేశించింది. కొండల దాకా ఆ మాట చేరడానికి మరి అర్ధశతాబ్ది పట్టింది. 2004 ప్రాంతంలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిది గిరిజన భాషలలో ప్రాథమిక బోధనను చేపట్టింది. అరకు పరిసరాలలో వినిపించే ఆదివాసీ ఒడియా, కొండ, కువి భాషలతో పాటు శ్రీకాకుళం మన్యంలోని సవర కూడా వాటిలో ఒకటి. రామమూర్తి సవర వాచకం పట్టుకొని గూడెం బడికి వెళ్లిన కాలానికి, దీనికి నడుమ దాదాపు నూరేళ్లు గడిచిపోయాయి.