డార్విన్‌ను వీడని ఉదరబాధ

జీవపరిణామ సిద్ధాంతంతో ప్రపంచపు ఆలోచనను మలుపు తిప్పిన చార్లెస్ డార్విన్ దాదాపు 40 ఏళ్లు కడుపు జబ్బుతో పోరాడారు. ఆయన 1809 ఫిబ్రవరి 12న ఇంగ్లండులోని ష్రూస్‌బరీలో ఒక వైద్యుని కుమారుడిగా జన్మించారు. ఎనిమిదేళ్ల ప్రాయంలోనే తల్లిని కోల్పోయారు. 1831లో బీగిల్ నౌక బయలుదేరడానికి ముందు గుండెదడ ఆయనను పీడించింది. ప్రయాణం ఆపివేస్తారన్న భయంతో వైద్యునికి ఆ సంగతి చెప్పలేదు.

1836లో స్వదేశం చేరిన మరుసటి ఏడాది నుంచే అనారోగ్యం తిరగబెట్టింది. వాంతులు, కడుపు ఉబ్బరం, వణుకు తరచుగా వచ్చేవి. అతిథులతో కాసేపు ఉత్సాహంగా మాట్లాడినా ఆ రాత్రి బాధ తప్పేది కాదు. 1842లో లండన్ విడిచి డౌన్ గ్రామానికి చేరారు. మత విశ్వాసాలను కదిలించే తన సిద్ధాంతాన్ని 1844లో రాసి దాచి, తాను మరణిస్తే ప్రచురించమని భార్య ఎమ్మాను కోరారు.

1848లో తండ్రి మరణించినప్పుడు అనారోగ్యం వల్ల అంత్యక్రియల వేళకు చేరలేకపోయారు. 1849లో మాల్వెర్న్‌లో డాక్టర్ గల్లీ చేసిన చన్నీటి చికిత్స కొంత ఉపశమనమిచ్చింది. 1851లో అదే ఊరిలో పదేళ్ల కుమార్తె యానీ కన్నుమూసింది. 1858 జూన్‌లో, తన సిద్ధాంతాన్నే పోలిన వాలెస్ వ్యాసం అందింది. ఆ నెలలోనే పసికందైన కుమారుడు మరణించాడు. 1859 నవంబరు 24న మహాగ్రంథం వెలువడిన నాడు ఆయన ఇల్‌క్లీలో జలచికిత్స పొందుతున్నారు.

ఆ వ్యాధి ఏమిటన్నదానిపై వైద్యుల్లో నేటికీ ఏకాభిప్రాయం లేదు. దక్షిణ అమెరికాలో కీటకం కాటు వల్ల సోకిన చాగాస్ వ్యాధి అని కొందరు భావించారు. తల్లి మరణంతో అణచుకున్న దుఃఖమే మూలమని మానసిక వైద్యుడు జాన్ బౌల్బీ 1990లో రాసిన జీవితచరిత్రలో వాదించారు. బలమైన ఉద్వేగాలు జీర్ణరసాలపై ప్రభావం చూపుతాయని డార్విన్ స్వయంగా 1872 నాటి గ్రంథంలో పేర్కొన్నారు. మెదడుకూ ప్రేగులకూ నడుమ వేగస్ నాడి ద్వారా సంకేతాలు ఇరువైపులా సాగుతాయని నేటి వైద్యం చెబుతోంది. దిగులు ప్రేగుల కదలికను మారుస్తుంది; కడుపు బాధ దిగులును పెంచుతుంది.

చివరి దశాబ్దంలో ఆయనకు కొంత స్వస్థత చిక్కింది. 1882 ఏప్రిల్ 19న 73వ ఏట కన్నుమూశారు. ఆయన బాధను నటన అనక, భార్య ఎమ్మా జీవితాంతం సేవ చేసింది. మన ఇళ్లలోనూ మాటిమాటికి కడుపు పట్టుకునే వారిని ఎగతాళి చేయక, వైద్యునికి చూపించడంతో పాటు వారి మనసులోని బరువునూ అడిగి తెలుసుకోవడం ఉచితం.