పునీత జీన్ జుగాన్ – తన పడకను వృద్ధులకిచ్చిన తల్లి

మన మేత్రాసనానికి నూరేళ్ళు నిండిన ఈ శుభ సమయంలో గుడులు కట్టిన గురువులను, బడులు పెట్టిన కన్యాస్త్రీలను, ఆసుపత్రులు నడిపిన సేవకులను కృతజ్ఞతతో తలచుకుంటున్నాము. వారితోపాటు తలచుకోవలసిన సేవ మరొకటి ఉన్నది. అది మంచం పట్టిన ముసలివారికి చేసే సేవ. దానికి శిలాఫలకాలుండవు. అర్ధరాత్రి వేళ ఒక వృద్ధురాలిని పక్కకు తిప్పి, తడిసిన దుప్పటి మార్చి, గుక్కెడు నీళ్ళు తాగించిన మనిషి పేరు ఏ రాతిమీదా చెక్కరు. ఇటువంటి సేవకు జీవితమంతా ధారపోసి, చివరకు తన పేరును కూడ పోగొట్టుకున్న ఒక పల్లెటూరి స్త్రీ చరిత్రను విచారణ ప్రజల ముందుంచాలని నా కోరిక. ఆమె పునీత జీన్ జుగాన్.

ఫ్రాన్సు దేశంలో సముద్రపుటొడ్డున బ్రిటనీ అనే ప్రాంతమున్నది. అక్కడ కాంకాల్ అనే చేపల రేవులో 1792 అక్టోబరు 25న జీన్ జన్మించింది. అది ఫ్రెంచి విప్లవ కాలం. దేవాలయాలు మూతపడి, గురువులు ప్రాణభయంతో దాగియున్న రోజులవి. తండ్రి బెస్తవాడు. జీన్ పసిపిల్లగా ఉండగానే వేటకు పోయి సముద్రం పాలయ్యాడు. తల్లి కూలి పనులు చేసి పిల్లలను పెంచింది. పశువులను కాయడం, ఉన్ని అల్లడం, జపమాల చెప్పుకోవడం జీన్‌కు చిన్ననాటి చదువులు.

పదహారేళ్ళ ప్రాయంలో ఆమె ఒక జమీందారిణి ఇంట వంటపనికి కుదిరింది. ఆ ఇంటి యజమానురాలు భక్తురాలు. పేదలను, రోగులను చూడబోయేటప్పుడు జీన్‌ను కూడ వెంటబెట్టుకుని పోయేది. కష్టంలో ఉన్నవాని గుడిసెలో ఎలా కూర్చోవాలో, వాని మనసు నొప్పించకుండా ఎలా సాయపడాలో జీన్ అక్కడే నేర్చుకున్నది. ఒక నావికుడు ఆమెను పెళ్ళాడ గోరాడు. ఆమె అంగీకరించలేదు. దేవుడు తనను మరేదో పనికి పిలుస్తున్నాడని ఆమెకు తోచింది. ఆ పని ఏమిటో తెలియడానికి మరి ముప్పది ఏండ్లు పట్టింది.

1817లో, తన ఇరవై అయిదవ ఏట, ఆమె దగ్గరలోని సాన్ సెర్వాన్ పట్టణానికి పోయి అక్కడి ఆసుపత్రిలో పరిచారికగా చేరింది. రోగులు ఎక్కువ, చేతులు తక్కువ. ఆరేండ్లు పగలనక రేయనక పనిచేసేసరికి ఆమె ఆరోగ్యం పూర్తిగా దెబ్బతిని, ఆ పని మానుకోవలసి వచ్చింది. భక్తుల చరిత్రలు చెప్పేటప్పుడు ఇటువంటి సంగతులను మనం తొందరగా దాటిపోతాము. కాని ఇక్కడ కొంచెం ఆగాలి. జీన్‌కు ప్రేమ తక్కువై కాదు, ఓర్పు తక్కువై కాదు. ఒక్క మనిషి మీద పదిమంది బరువు పెట్టితే, ఆ మనిషి పునీతురాలైనా సరే కూలిపోతుంది.

తరువాత ఆమె లెకోక్ అనే అవివాహిత స్త్రీ ఇంట పనికి చేరింది. వయసులో పెద్దదైన ఆమెకు పన్నెండేళ్ళు తోడుగా ఉన్నది. పేరుకు పనిమనిషే గాని, ఇద్దరూ అక్కచెల్లెళ్ళవలె కలిసి ప్రార్థించారు, కలిసి పేద పిల్లలకు జ్ఞానోపదేశం చెప్పారు. 1835లో లెకోక్ మరణించేటప్పుడు తన సామానును, కొద్దిపాటి సొమ్మును జీన్‌కు వదిలింది. అటు తరువాత జీన్ ఫాన్షోన్ అనే ముసలమ్మతో కలిసి ఒక ఇంటి పైకప్పు కింద రెండు గదులు అద్దెకు తీసుకున్నది. వర్జీనీ అనే అనాథ బాలిక వారితో చేరింది. వర్జీనీ కుట్టుపని, జీన్ ఇండ్లలో చాకిరీ, ఫాన్షోన్ ఇంటి దగ్గర నూలు వడకడం. ఈ ముగ్గురి రాబడి ముగ్గురికీ అంతంత మాత్రం.

1839 చలికాలం వచ్చింది. ఆ ఊరిలో ఆన్ షోవాన్ అనే వృద్ధ వితంతువు ఉండేది. చూపు లేదు. పక్షవాతంతో కాలుచేయి ఆడదు. ఆమెను చూచే దిక్కు లేదని జీన్‌కు తెలిసింది. ఆమెను తన ఇంటికి తెచ్చి, ఇరుకు మెట్ల మీదుగా వీపున మోసుకుని పైకి చేర్చింది. తన పడక మీద పడుకోబెట్టింది. తాను అటకమీద పడుకున్నది. అప్పటికి జీన్ వయసు 47 ఏండ్లు. నేడు ప్రపంచమంతటా తెలిసిన ఒక గొప్ప సభకు ఇదే పునాది. ధనం లేదు, భవనం లేదు, తీర్మానం లేదు. ఒక మంచం చేతులు మారింది.

కొద్ది రోజులకు మరొక ముసలమ్మ వచ్చింది. మరీ జామే, మదలేన్ బూర్జ్ అనే యువతులు వీరితో చేయి కలిపారు. 1841లో మెట్లెక్కవలసిన అవసరం లేని కింది ఇల్లు చూచుకున్నారు. పన్నెండు మంది వృద్ధురాండ్రకు అక్కడ చోటు దొరికింది. మరుసటి ఏడు ఒక పాత మఠాన్ని కొన్నారు. వృద్ధులు ఊరక పడియుండలేదు. చేతనైనవారు నూలు వడికారు, ఉన్ని ఏకారు. తాము ఇంకా ఎవరికో పనికివస్తున్నామనే తృప్తి ముసలితనంలో ఎంతటి ఔషధమో జీన్‌కు తెలుసు.

అయితే ఇందరికి అన్నం ఎక్కడినుండి రావాలి? అంతకుముందు ఆ ముసలివారు తామే వీధులలో బిచ్చమెత్తుకునేవారు. వారి బదులు జీన్ బుట్ట పట్టుకుని బయలుదేరింది. వారు పోయే ఇండ్లేవో వారినే అడిగి తెలుసుకుని ఆ గడపలకే పోయింది. ఇది ఆమెకు సులువైన పని కాదు. ఆమెది చిన్ననాటినుండి రెక్కల కష్టం మీద బతికిన కుటుంబం. చేయి చాచడం వారికి చావుతో సమానం. ఆ సిగ్గును ఆమె వృద్ధుల కోసం దిగమింగింది. ఒకరోజు ఒకాయన కోపించి చెంపమీద కొట్టాడనీ, ఆ దెబ్బ తనకు సరిపోయింది గనుక ఇక తన ముసలివారికేమైనా ఇమ్మని ఆమె నెమ్మదిగా అడిగిందనీ చెప్పుకుంటారు. ధనం, రొట్టె, పాత బట్టలు, కట్టెలు, ఏది ఇచ్చినా ఆమె కాదనలేదు.

ఈ స్త్రీలు బ్రహ్మచర్యం, పేదరికం, విధేయత అనే మూడు మాటపట్టులకు తోడు ఆతిథ్యమనే నాలుగవ మాటపట్టు కూడ పెట్టుకున్నారు. ఇది మనసుకు పట్టించుకోవలసిన మాట. వృద్ధుడు వారి దృష్టిలో రోగి కాడు, భారం కాడు, అతిథి. అతిథికి వడ్డించిన తరువాతనే ఇంటివారు తింటారు గదా! ఆ పద్ధతినే వారు పాటించారు.

ఇంతలో పెద్ద పరీక్ష ఎదురైంది. 1843 డిసెంబరులో సహోదరీలు జీన్‌ను తిరిగి పెద్దగా ఎన్నుకున్నారు. రెండు వారాలు గడిచేసరికి వారికి సలహాదారుగా ఉన్న ల పాయ్యర్ అనే యువ గురువు ఆ ఎన్నికను తోసివేసి, ఇరవై మూడేండ్ల మరీ జామేను పెద్దగా నియమించారు. జీన్ తగవు పెట్టుకోలేదు. బుట్ట పట్టుకుని యథాప్రకారం వీధికి పోయింది. 1845లో ఫ్రెంచి అకాడమీ వారు ఆమె సేవలను మెచ్చి 3,000 ఫ్రాంకుల బహుమానమిచ్చారు. దేశమంతా ఆమె పేరు వినబడింది. తాను స్థాపించిన ఇంటిలో మాత్రం ఆమెకు ఏ అధికారమూ లేదు. రెన్, దినాన్, తూర్, ఆంజే పట్టణాలలో కొత్త గృహాలు లేవడానికి ఆమె బిచ్చపు బుట్టే ఆధారమయింది.

1852లో ఆమెను బిచ్చమెత్తే పని కూడ మాన్పించి, దాతలతో సంబంధం లేకుండ మాతృగృహానికి పిలిపించారు. 1856 నుండి ల తూర్ అనే చోట నూతన కన్యల మధ్య ఉన్నది. మొత్తము 27 సంవత్సరాలు మరుగున గడిచాయి. సభను స్థాపించినది ల పాయ్యర్ గారేననీ, జీన్ చేరినవారిలో మూడవదనీ అందరికీ చెప్పారు. పక్కన కూర్చుని అల్లికలు అల్లే ముసలి సహోదరి ఎవరో చాలమంది పడుచు కన్యలకు తెలియదు. ఆమె మాత్రం వృద్ధులను ఎలా లేవదీయాలి, ఎలా ఓర్చుకోవాలి, వారిలో క్రీస్తును ఎలా చూడాలి అనే సంగతులు వారికి మెల్లగా బోధించేది. వందలాది సేవకులు ఆమె చేతిలో తయారయ్యారు.

ఈ కాలంలో ఒక్కసారి, 1865లో, పెద్దలకు ఆమె అవసరం కలిగింది. స్థిరమైన ఆదాయాన్నిచ్చే ఆస్తులను సభ తీసుకోవచ్చునా అనే ప్రశ్న వచ్చింది. ఆమె అభిప్రాయమడిగారు. తీసుకోరాదనీ, దైవపాలనపైనే ఆధారపడాలనీ ఆమె తేల్చి చెప్పింది. ఆ నిర్ణయమే నిలిచింది. దినదినము వీధికి పోయి అడగవలసిన ఇల్లు, ఊరివారి కన్ను పడని ఇల్లుగా ఎన్నటికీ మారదు. ఇచ్చినవారు లోపలికి తొంగిచూస్తారు. చూచేవారున్న చోట నిర్లక్ష్యానికి తావు తక్కువ.

1879 ఆగస్టు 29న, 86 ఏండ్ల వయసులో ఆమె కన్ను మూసింది. అప్పటికి సభలో 2,400 మంది సహోదరీలున్నారు. సత్యం ఎంతకాలమో దాగదు. 1890లో రోము నగరంవారు ల పాయ్యర్ గారిని పదవినుండి తొలగించారు. క్రమేణ జీన్‌కు స్థాపకురాలిగా దక్కవలసిన గౌరవం దక్కింది. 1982 అక్టోబరు 3న రెండవ జాన్ పాల్ పాపుగారు ఆమెను ధన్యురాలిగాను, 2009 అక్టోబరు 11న పదహారవ బెనెడిక్టు పాపుగారు పునీతురాలిగాను ప్రకటించారు.

ఆమె మరణించిన మూడేండ్లకే, 1882లో, లిటిల్ సిస్టర్స్ ఆఫ్ ది పూర్ అని పిలువబడే ఈ సహోదరీలు కలకత్తాలో అడుగుపెట్టారు. మన సికింద్రాబాదులోనూ వారి వృద్ధాశ్రమం వెలసింది. కాంకాల్ బెస్తపిల్ల వెలిగించిన దీపం ఈ విధంగా మన తెలుగువారి గడప వరకు వచ్చింది.

ఈ చరిత్ర చదివి మెచ్చుకుని ఊరుకుంటే చాలదు. మన విచారణలలో నేడు ఎన్నో ఇండ్లలో పిల్లలు హైదరాబాదులోనో, దుబాయిలోనో, అమెరికాలోనో ఉన్నారు. ఇంటివద్ద ముసలి దంపతులు మాత్రం మిగిలారు. 2007లో మన దేశంలో తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం వచ్చింది. జిల్లాకొకటి చొప్పున కనీసం 150 మందికి చాలిన వృద్ధాశ్రమం ఉండవచ్చునని అందులో ఉన్నది. ఇది మంచిదే. కాని 150 పడకలు వేయడం ఒక ఎత్తు, 150 మందిని చూచుకోవడం మరొక ఎత్తు. పగలు ఎందరున్నారు? రాత్రి ఎందరున్నారు? వారు పని నేర్చినవారేనా? నెల తిరిగేసరికి వారికి జీతమందుతున్నదా? వారానికొక రోజైనా విశ్రాంతి ఉన్నదా? ఆశ్రమం చూడబోయినప్పుడు మనం గోడల రంగు చూస్తాము, ఫ్యాన్లు లెక్కబెడతాము. లెక్కించవలసినవి చేతులు.

పాశ్చాత్య దేశాలలో దైవపిలుపులు తగ్గి, చాలినంతమంది సహోదరీలు లేక, ఈ సభవారే కొన్ని గృహాలను వదులుకోవలసి వచ్చింది. కన్యాస్త్రీలున్నారు గదా, వారే చూచుకుంటారు అని మనం నిశ్చింతగా ఉండే కాలం ఇది కాదు. ఆశ్రమాలలో ఎక్కువ పని జీతానికి చేసే ఆయాల మీదనే పడుతున్నది. ఆ ఆయమ్మకు అరకొర జీతమిచ్చి, ఒక రాత్రికి ముప్పైమందిని అప్పగించి, ఆమె విసుక్కుంటున్నదని నిందించడం న్యాయం కాదు. మంచి సమరీయుని కథలో గాయపడినవానిని సత్రానికి చేర్చినంత మాత్రాన పని ముగియలేదు. సత్రపువానికి రొక్కమిచ్చాడు. ఇంకా ఖర్చయితే తిరిగి వచ్చినప్పుడు ఇస్తానన్నాడు. సేవ చేసేవానికి ఇవ్వవలసినది ఇవ్వడం కూడ ఆ కథలోని దయలో భాగమే.

ఆశ్రమం దాకా ఎందుకు? మన ఇండ్లలోనే మంచాన పడిన అత్తగారిని ఏండ్ల తరబడి ఒంటిచేత్తో చూచుకుంటున్న కోడళ్ళున్నారు. ఆదివారం వారు పూజకు రాకపోతే భక్తి తగ్గిందనుకుంటాము. సాన్ సెర్వాన్ ఆసుపత్రిలో కూలిపోయిన జీన్ వంటివారే వారు. వారానికి ఒక పూట మరియమాత సేనలోని ఇద్దరు పోయి ఆ మంచం పక్కన కూర్చుంటే, ఆ కోడలు గుడికి వస్తుంది, లేదా కంటినిండా నిదురిస్తుంది. యువజనులు నెలకొక రాత్రి ఆశ్రమంలో తోడుండవచ్చును. విచారణ సంఘం తనకు తెలిసిన ఆశ్రమంలోని ఆయాల జీతం సంగతి అడిగి తెలుసుకుని, లోటుంటే పూడ్చవచ్చును. వీటికి పెద్ద భవనం అక్కరలేదు.

నూరేళ్ళ పండుగకు మనం గోపురాలకు సున్నం వేయించాము, దీపాలంకరణ గావించాము. అన్నింటితోపాటు ప్రతి విచారణలో మంచం పట్టిన వృద్ధులెందరో, వారిని చూచుకునేవారెందరో ఒక జాబితా వ్రాసి పీఠం ముందుంచగలిగితే, రెండవ శతాబ్దానికి అదే మంచి ప్రారంభం కాగలదు. తన పడకనిచ్చి, తన పేరునూ ఇచ్చిన పునీత జీన్ జుగాన్ మన వృద్ధుల కొరకును, వారి పక్కన రాత్రులు మేలుకొనియున్న వారి కొరకును ప్రార్థించునుగాక. ఆమెన్.