కురుమన్ దంపతులు

ఈసారి గోడపత్రికకు ఒక ప్రముఖుడి జీవితం రాయమని మేడమ్ చెప్పినప్పుడు నేను ఎంచుకున్న పేరు రాబర్ట్ మొఫాట్. ఆఫ్రికా అంతా తిరిగిన డేవిడ్ లివింగ్‌స్టన్ గురించి స్కూల్లో చదువుకున్నాం కదా, ఆయనకు పిల్లనిచ్చిన మామ. తీరా చదవడం మొదలుపెట్టాక నాకొక ఇబ్బంది వచ్చింది. ఏ పేజీ తిప్పినా ఆయన పక్కన భార్య మేరీ ఉన్నారు. ఒక్కరి గురించి రాద్దామని కూర్చుంటే ఇద్దరి గురించీ రాయాల్సి వచ్చింది.

రాబర్ట్ 1795లో స్కాట్లండ్‌లోని ఆర్మిస్టన్ అనే ఊళ్లో పుట్టారు. పెద్ద చదువులు లేవు. చిన్న వయసులోనే తోటపనికి కుదిరారు. పని కోసం ఇంగ్లండ్ వచ్చి, కొన్నాళ్లకు మాంచెస్టర్ దగ్గర డకిన్‌ఫీల్డ్‌లో జేమ్స్ స్మిత్ అనే ఆయన నర్సరీలో చేరారు. ఆ యజమాని కూతురే మేరీ. ఇద్దరూ పుట్టింది ఒకే ఏడు. ఇద్దరి కోరికా ఒకటే, దూరదేశం వెళ్లి మిషన్ పని చేయాలని. లండన్ మిషనరీ సొసైటీ 1816లో రాబర్ట్‌ని దక్షిణాఫ్రికాకు పంపింది. మేరీని మాత్రం అమ్మానాన్నలు పంపలేదు. ఉన్న ఒక్క ఆడపిల్లను సముద్రం దాటించడానికి వాళ్లకు మనసు రాలేదు. రెండేళ్లకు పైగా ఆమె ఎదురుచూశారు. చివరికి వాళ్లు సరేనన్నారు. 1819లో మేరీ ఓడెక్కి కేప్ టౌన్ చేరారు. ఆ డిసెంబరు 27న అక్కడే పెళ్లయింది. పుట్టింటివాళ్లు ఎవరూ లేని పెళ్లి.

మరుసటి ఏడు ఇద్దరూ ఎద్దులబండిలో ఉత్తరానికి బయల్దేరి ట్స్వానా ప్రజలుండే చోటికి వెళ్లారు. కొన్నేళ్లకు కురుమన్ దగ్గర స్థిరపడ్డారు. అదంతా ఎండుభూమి. కానీ కురుమన్‌లో ఒక పెద్ద ఊట ఉంది, రోజుకు దాదాపు 2 కోట్ల లీటర్ల నీరు ఉబికి వస్తుంది. రాబర్ట్ తోటమాలి కదా, కాలువ తవ్వించి నీళ్లు మళ్లించారు. పళ్లచెట్లు, కూరగాయలు పెంచారు. ఇల్లు కట్టడం, కమ్మరిపని, వడ్రంగం, అన్నీ ఆయనే చేసుకున్నారు.

ఇంటి లోపలి సంగతి మేరీ రాసిన ఉత్తరాల్లో తెలుస్తుంది. ఇంగ్లండ్‌లో పెరిగిన ఆమె అక్కడ నేలను పేడతో అలకడం నేర్చుకున్నారు. మొదట ఒళ్లు జలదరించిందట. తర్వాత దుమ్ము లేవదనీ, పురుగు చేరదనీ తెలిసి, ఎప్పుడెప్పుడు అలుకుదామా అని వారం వారం చూసేదాన్నని పుట్టింటికి రాశారు. ఈ సంగతి చెబితే మా అవ్వ పకపకా నవ్వింది. తిరుత్తణి పక్క పల్లెలో తను రోజూ చేసిన పని ఒక దొరసాని కూడా చేసిందంటే ఆమెకు నమ్మకం కుదరలేదు.

నన్ను బాగా పట్టుకున్నది మాత్రం భాష సంగతి. మొదటి ఏళ్లలో రాబర్ట్‌కు అక్కడి సెట్స్వానా భాష రాదు. ఆయన డచ్చిలో చెబితే దుబాసీ దాన్ని సెట్స్వానాలోకి మార్చేవాడు. ఒకసారి ఆత్మరక్షణ చాలా గొప్ప విషయం అని ఆయన చెబితే, ఆత్మరక్షణ చాలా పెద్ద సంచి అని దుబాసీ జనానికి చెప్పాడు! డచ్చిలో విషయానికీ సంచికీ వాడే మాటలు వినడానికి దగ్గరగా ఉంటాయి. ఇలాంటివి తెలిసొచ్చాక ఇక లాభం లేదనుకున్నారు. 1827లో ఇల్లు వదిలి, దూరంగా బరొలాంగ్ అనే తెగవాళ్ల మధ్యకు వెళ్లి, వాళ్లతోనే కొన్ని వారాలు ఉండి, భాష నేర్చుకున్నారు. అప్పటికి ఆయనకు 31 ఏళ్లు. ఆ వారాలన్నీ కురుమన్‌లో పిల్లలనూ ఇంటినీ మిషన్‌నూ కాచుకున్నది మేరీ.

ఇది చదివాక నాకు కాస్త ధైర్యం వచ్చింది. మా ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. నాకు తెలుగు అక్షరాలు వచ్చింది ఈ కాలేజీలో చేరాకే. పదిహేడేళ్లకు గుణింతాలు దిద్దుతుంటే సిగ్గుగా ఉండేది. 31 ఏళ్ల మనిషి ఊరివాళ్ల మధ్య కూర్చుని మాటలు అడిగి నేర్చుకున్నాడంటే నాకెందుకు సిగ్గు అనుకున్నా.

అక్కడ బతుకు తేలిగ్గా సాగలేదు. ఒక ఏడు వానలు పడలేదు. దానికి కారణం ఈ తెల్లవాళ్లేనని జనం అనుకున్నారు. నాయకుడొకడు ఈటె పట్టుకుని వచ్చి ఊరు వదిలి పొమ్మన్నాడు. రాబర్ట్ చొక్కా గుండీలు విప్పి, చంపాలంటే చంపండి, వెళ్లేది లేదు అన్నట్టు నిలబడ్డారు. ఆ సమయంలో మేరీ చంటిబిడ్డను ఎత్తుకుని గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. వచ్చినవాళ్లు తల ఊపుకుంటూ వెనక్కి వెళ్లిపోయారు.

దాదాపు తొమ్మిదేళ్లు ఒక్కరు కూడా వాళ్ల మతంలో చేరలేదు. ఆ రోజుల్లోనే ఇంగ్లండ్ నుంచి ఏం పంపమంటావని ఒక స్నేహితురాలు అడిగితే, ప్రభురాత్రి భోజనానికి వాడే గిన్నెలు పంపమని మేరీ రాశారు. ఆ భోజనానికి కూర్చునేవాళ్లే లేనప్పుడు అడిగిన గిన్నెలవి. 1829లో మొదటిసారి కొందరు బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్ల మొదటి భోజనానికి ముందురోజు సాయంత్రం ఆ పెట్టె కురుమన్ చేరింది.

తర్వాత రాబర్ట్ పట్టిన పని బైబిలు అనువాదం. సెట్స్వానాకు అప్పటిదాకా రాత లేదు. 1830లో లూకా సువార్తను అచ్చు వేయించాలని కేప్ టౌన్ వెళితే అచ్చాఫీసులో పనివాళ్లు లేరు. తోటి మిషనరీతో కలిసి తనే అక్షరాలు కూర్చడం నేర్చుకుని అచ్చు వేశారు. తిరిగి వస్తూ ఒక అచ్చుయంత్రాన్ని బండి మీద తెచ్చుకున్నారు. కొత్త నిబంధన 1840లో లండన్‌లో అచ్చయింది. పాత నిబంధన 1857కి పూర్తయింది. మొత్తం మీద దాదాపు ముప్పై ఏళ్ల పని.

ఆయన్ని పొగడటమే నా పని కాదు. అక్కడివాళ్ల ఆచారాలు, వాన కురిపించేవాళ్ల మీద వాళ్ల నమ్మకం, ఇవన్నీ పోవాలనే ఆయన అనుకున్నారు. వాళ్ల భాషను అంత శ్రద్ధగా నేర్చుకున్న మనిషి వాళ్ల నమ్మకాలను అంత శ్రద్ధగా వినలేదని నాకనిపించింది. అయినా ఆయన రాతలోకి తెచ్చిన ఆ సెట్స్వానా ఈరోజు బోట్స్వానా దేశానికి జాతీయ భాష.

అనువాదం సాగిన ఏళ్లలో మేరీ ఏం చేశారు? పదిమంది పిల్లలను కన్నారు. ముగ్గురు చిన్నతనంలోనే పోయారు. మిగిలినవాళ్లకు చదువు కావాలి, కురుమన్‌లో చదువు లేదు. కేప్ టౌన్ దాకా ఎద్దులబండి ప్రయాణం దాదాపు వెయ్యి కిలోమీటర్లు. 1847లో చిన్నపిల్లలను ఇంగ్లండ్ ఓడ ఎక్కించడానికి ఆమే తీసుకెళ్లారు. ఆయన అనువాదం పని మీద కురుమన్‌లోనే ఉండిపోయారు. పిల్లలను పంపేసి ఆమె ఖాళీ బండిలో తిరిగొచ్చారు.

పెద్దకూతురి పేరు కూడా మేరీయే. 1845లో లివింగ్‌స్టన్‌ని పెళ్లాడింది. 1850లో అతను భార్యాపిల్లలను కలహారి ఎడారి దాటించి తీసుకెళ్లాడు. తిరిగొచ్చాక ఆమెకు పుట్టిన బిడ్డ చనిపోయింది. మరుసటి ఏడు ఆమె మళ్లీ కడుపుతో ఉండగానే మళ్లీ బయల్దేరదీశాడు. అప్పుడు అత్తగారు అల్లుడికి ఒక ఉత్తరం రాశారు. నిండు గర్భిణిని, చిన్నపిల్లలను ఆ ఎడారిలోకి తీసుకెళ్లడం ఏం న్యాయమని గట్టిగా నిలదీశారు. అతను వినలేదు. ప్రపంచమంతా మెచ్చుకున్న మనిషిని అలా అడిగినవాళ్లు ఎందరున్నారో!

1862లో ఆ కూతురు జాంబెజీ నది ఒడ్డున షుపంగాలో జ్వరంతో చనిపోయింది. అదే ఏడు కొడుకు రాబర్ట్ కూడా పోయాడు. ముసలితనం మీద పడ్డా ఇద్దరూ కురుమన్ వదల్లేదు. పని చేసే ఓపిక తగ్గిపోయాకే, 1870 మార్చి 20న చివరి ఆరాధన జరిపి, 74 ఏళ్ల వయసులో ఇంగ్లండ్ బయల్దేరారు. ఏభై ఏళ్లు బతికిన చోటు. బండి ఎక్కుతుంటే జనం చుట్టూ చేరి ఏడ్చారు.

ఇంగ్లండ్ చేరిన కొద్ది నెలలకే, 1871 జనవరిలో, మేరీ కన్నుమూశారు. 51 ఏళ్ల కాపురం. రాబర్ట్ ఇంకో పన్నెండేళ్లు బతికారు. 1874లో వెస్ట్‌మిన్‌స్టర్ అబ్బేలో అల్లుడి అంత్యక్రియల్లో నిలబడ్డారు. 1883 ఆగస్టులో 87 ఏళ్ల వయసులో పోయారు.

రాసింది మొదట మా అవ్వకే చదివి వినిపించాను. అవ్వకు తెలుగు మాటలొచ్చు, అక్షరాలు రావు. అంతా విని ఒకటే అడిగింది. షుపంగాలో ఆ కూతుర్ని పూడ్చిన చోటు తల్లి ఎప్పుడైనా చూసుకుందా అని. లేదు అవ్వా అన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత ఆ సంగతి కూడా రాయమంది. రాశాను.