ఎనిమిదిన్నరను తొమ్మిది చేయని మనిషి

1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరిచిన నాటి నుండి మన విచారణల పిల్లలు ఎందరో హైటెక్ సిటీలో ఉద్యోగాలు చేస్తున్నారు. వారి కంప్యూటర్లలోని ట్రాన్సిస్టర్లను తెరిచి మూసేది విద్యుత్ క్షేత్రం. ఆ క్షేత్రాన్ని లెక్కగట్టడానికి పునాది వేసినవారు కూలూంబ్. ఇంటర్ చదివే మీ పిల్లలకు ఈ పేరు పరిచయమే. ఆయన జీవితం మాత్రం చాలామందికి తెలియదు.

ఛార్లెస్ కూలూంబ్ 1736లో ఫ్రాన్సులో జన్మించారు. సైన్యంలో ఇంజనీరై, 1764లో మార్టినిక్ దీవికి వెళ్ళి ఎనిమిదేళ్ళు కోట నిర్మాణంలో శ్రమించారు. ఆరోగ్యం చెడి 1772లో తిరిగి వచ్చారు. 1783లో బ్రిటనీ ప్రాంతపు కాలువల పథకాన్ని పరిశీలించి, అది తగదని చెప్పారు. అందుకు ఆయనను కొద్ది రోజులు ఖైదులో ఉంచారు. అయినా మాట మార్చలేదు. తరువాత బ్రిటనీ పెద్దలు బహుమానం ఇవ్వబోతే, ప్రయోగాలకు పనికివచ్చే సెకండ్ల ముల్లు గడియారం ఒక్కటే స్వీకరించారు.

1785లో సన్నని తీగకు పుల్లను వేలాడదీసి, దాని కొసనున్న చిన్న బంతికీ పక్కనున్న మరో బంతికీ ఒకే రకం విద్యుదావేశం ఇచ్చారు. అవి వికర్షించుకుంటే తీగ మెలితిరుగుతుంది. ఆ మెలికే బలానికి కొలత. బంతుల ఎడం 36 డిగ్రీలప్పుడు మెలిక 36. ఎడం 18కి తగ్గితే మెలిక 144, అంటే నాలుగింతలు. మూడోసారి మెలిక 575న్నర. సూత్రం ప్రకారం ఎడం తొమ్మిది ఉండాలి. కనిపించింది ఎనిమిదిన్నర. ఆయన ఎనిమిదిన్నర అనే ప్రచురించారు.

ఆ సూత్రం మీదనే తరువాతి వారు క్షేత్రాన్నీ పొటెన్షియల్‌నూ లెక్కించారు. ఒక మైక్రోకూలూంబ్ బిందు ఆవేశానికి మీటరు దూరంలో క్షేత్రం మీటరుకు సుమారు 9,000 వోల్టులు, పొటెన్షియల్ 9,000 వోల్టులు. రెండు మీటర్ల దూరంలో క్షేత్రం నాలుగో వంతై 2,250 అవుతుంది, పొటెన్షియల్ సగమై 4,500 అవుతుంది. అలాంటి ఆవేశాలు రెండుంటే విడివిడిగా లెక్కగట్టి కూడాలి. క్షేత్రానికి దిశ ఉంది గనుక, రెండింటికీ మీటరు దూరంలోని నడిమి బిందువు దగ్గర క్షేత్రాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. పొటెన్షియల్‌కు దిశ లేదు గనుక అక్కడే అది 18,000 వోల్టులవుతుంది. క్షేత్రం సున్నా అయినంత మాత్రాన అక్కడ ఏమీ లేదనుకోరాదు.

కూలూంబ్ 1806లో పారిస్‌లో మరణించారు. నేడు విద్యుదావేశపు ప్రమాణం ఆయన పేరే. తల్లిదండ్రులారా! మీ అబ్బాయో అమ్మాయో పరీక్షించి సరిచూశామని ఆఫీసులో సంతకం పెట్టే రోజున, పైవారు తొమ్మిది కావాలన్నా కనిపించిన ఎనిమిదిన్నరనే రాసే ధైర్యం వారికి ఇంటి నుండే అందాలి.